పట్టాల కింద నేల జరిగితే ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?

2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. భారీ వానలకు వచ్చిన వరద కట్టను కోసేసింది. కింద మట్టి లేదు, కంకర లేదు. పట్టాలు, వాటిని పట్టుకుని స్లీపర్లు, అంతే. కాజీపేట–విజయవాడ లైన్ మీద రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ ఫొటోలు చూసిన ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. పైన ఇన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి కదా, కట్ట తెగబోతోందని ముందే చెప్పలేవా?

ఇంటికన్నె లాంటి చోట చెప్పలేవు. కొన్ని గంటల్లో మొదలై కొన్ని గంటల్లో ముగిసిపోయిన ఘటన అది. నేలను కొలిచే రాడార్ ఉపగ్రహం ఒకే దారిలో మళ్లీ అదే చోటు మీదికి రావడానికి 12 రోజులు పడుతుంది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజర్ పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. అప్పుడు పైన ఎంత మంచి రాడార్ ఉన్నా ఆ రాత్రికి పనికొచ్చేది కాదు.

అదే ప్రశ్నను ఇంకో రకం చోట అడిగితే జవాబు మారిపోతుంది. ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున దిగిపోతున్న కట్ట, కొన్నేళ్లుగా కొద్దికొద్దిగా జారుతున్న కొండవాలు, కింద నీళ్లు తోడేయడంతో కుంగుతున్న పొలాలు, వాటి మీదుగా వెళ్లే రైలు మార్గం. ఇలాంటి చోట 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రాడార్ మిల్లీమీటర్ల లెక్కన కదలికను పట్టుకుంటుంది. కింద నిలబడిన మనిషి కంటికి ఆనని కదలిక అది. ఈ రెండు రకాల ప్రమాదాలనూ కలిపేసి మాట్లాడడం వల్లే ఉపగ్రహ నిఘా మీద ఒకవైపు లేనిపోని ఆశ, ఇంకోవైపు అనవసరమైన అపనమ్మకం పుడుతున్నాయి. అందుకే ఆ రాడార్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో విడమర్చి చెప్పుకోవాలి.

కట్ట ఎందుకు దిగుతుంది?

రైలు కట్ట అంటే మట్టి పోసి, దిమ్మిస చేసి, పైన కంకర పరిచిన పొడవాటి దిబ్బ. ఆ మట్టి తన బరువుకు తానే కొన్నేళ్లపాటు సర్దుకుంటూ ఉంటుంది. కింద మెత్తటి బంకమట్టి ఉంటే దశాబ్దాలు సర్దుకుంటుంది. నల్లరేగడి సంగతి మనకు కొత్త కాదు. మే నెలలో చేలోకి వెళ్తే చెయ్యి దూరేంత బీటలు కనిపిస్తాయి, ఆగస్టుకు అవే బీటలు పూడుకుపోయి నేల ఉబ్బి ఉంటుంది. ఆ నేల మీద కట్ట వేస్తే ఏటా ఒకసారి లేచి, ఒకసారి కూర్చుంటుంది.

దీన్ని నేల మీద కనిపెట్టేది ట్రాక్ మనుషులు. కీమ్యాన్ రోజూ తన బీట్‌లో నడిచి పట్టాలు, క్లిప్పులు చూస్తాడు. వానాకాలంలో రాత్రి పూట పెట్రోల్‌మ్యాన్ లాంతరు, టార్చి పట్టుకుని తిరుగుతాడు. పట్టాల ఎత్తుపల్లాలను ట్రాక్ రికార్డింగ్ కారు కొలుస్తుంది. లెవెల్ తప్పిన చోట ట్యాంపింగ్ మెషిన్ వచ్చి పట్టా ఎత్తి, స్లీపర్ల కింద కంకర దట్టిస్తుంది. ఈ ఏర్పాటు వందేళ్లకు పైగా రైళ్లను నడిపిస్తోంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే ఇందులో ఒక లోపం ఉంది. కొలిచేది పట్టాను. పట్టాను సరిచేసిన ప్రతిసారీ కొలత మళ్లీ సున్నాకు వస్తుంది, కింద నేల మాత్రం దిగుతూనే ఉంటుంది. ఒకే చోట మూడు నెలలకోసారి ట్యాంపింగ్ చేయాల్సి వస్తోందంటే రోగం కంకరలో లేదు, దాని కింద ఉంది. ఆ కింది రోగం ఎంత దూరం పాకిందో, పక్క పొలంలోకి వెళ్లిందో, పై కొండ నుంచి వస్తోందో పట్టాల మధ్య నిలబడి చెప్పలేం.

నిమిషాల ముల్లు ఉన్న గడియారం

మామూలు ఉపగ్రహ ఫొటోకు ఎండ కావాలి, మబ్బు ఉండకూడదు. రాడార్ తన వెలుగును తానే తెచ్చుకుంటుంది. మైక్రోవేవ్ తరంగాలను కిందికి పంపి, నేలను తాకి వెనక్కొచ్చిన వాటిని వింటుంది. రాత్రయినా, మబ్బు పట్టినా పని ఆగదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014 ఏప్రిల్‌లో పంపిన సెంటినెల్-1ఎ ఈ రంగానికి పెద్ద మలుపు. ఎత్తు 693 కిలోమీటర్లు, తరంగం పొడవు సుమారు 5.5 సెంటీమీటర్లు. దాని డేటాను ప్రపంచంలో ఎవరైనా డబ్బులివ్వకుండా దించుకోవచ్చు. అంతకుముందు ఒక్కో రాడార్ చిత్రం కొనాలంటేనే పరిశోధకులు వెనకాడేవారు.

అంత ఎత్తు నుంచి చిన్న వస్తువులను విడిగా చూడాలంటే యాంటెనా చాలా పెద్దది కావాలి. సెంటినెల్ యాంటెనా పొడవు 12 మీటర్లు. అది ఒక్కటే అయితే నేల మీద 4 కిలోమీటర్ల కంటే చిన్నదేదీ విడిగా కనపడదు, కాజీపేట జంక్షన్ మొత్తం ఒక చుక్కయిపోతుంది. 1951లో కార్ల్ వైలీ అనే అమెరికన్ ఇంజినీరు దీనికో దారి కనిపెట్టాడు. రాడార్ కదులుతూ ఉంటుంది కాబట్టి ఒకే చోటును అనేక స్థానాల నుంచి వింటుంది. ఆ ప్రతిధ్వనులన్నీ దాచి, తర్వాత లెక్కల్లో కలిపితే కిలోమీటర్ల పొడవున్న యాంటెనాతో చూసినట్టే ఉంటుంది. ఈ లెక్క వల్లనే సెంటినెల్ చిత్రంలో ఒక్కో గడి సుమారు 5 మీటర్లు ఒకవైపు, 20 మీటర్లు ఇంకోవైపు వస్తుంది.

ఇక్కడ చాలామందికి తిరకాసు వస్తుంది. గడి పరిమాణమే 5 మీటర్లయితే అందులో 3 మిల్లీమీటర్ల కదలిక ఎలా తెలుస్తుంది?

రాడార్ రెండు సంగతులు రాసుకుంటుంది. వెనక్కొచ్చిన సంకేతం ఎంత బలంగా ఉందన్నది ఒకటి, దానితోనే చిత్రం కనిపిస్తుంది. తరంగం తిరిగొచ్చేసరికి అది తన చక్రంలో ఏ దశలో ఉందన్నది రెండోది. గంటల ముల్లు పోయి, నిమిషాల ముల్లు మాత్రమే మిగిలిన గోడగడియారం ఊహించుకోండి. టైమెంతో చెప్పలేదు కానీ, నిన్న చూసినప్పటికీ ఇవాళ్టికీ ముల్లు ఎంత జరిగిందో చక్కగా చెబుతుంది. తరంగం దశ కూడా అంతే. ఉపగ్రహం నుంచి నేలకు దూరం ఎన్ని కిలోమీటర్లో దాన్ని బట్టి తెలియదు. 12 రోజుల కిందటికీ ఇప్పటికీ ఆ దూరం ఎంత మారిందో తెలుస్తుంది. తరంగం వెళ్లాలి, రావాలి కాబట్టి నేల 2.8 సెంటీమీటర్లు జరిగితే ముల్లు ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. 3 మిల్లీమీటర్లు జరిగితే గడియారం మీద ఆరున్నర నిమిషాలు కదిలినట్టు. అంత కదలికను కొలవడం రాడార్‌కు కష్టమేమీ కాదు.

రెండు రోజుల చిత్రాల దశలను ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి కదలికను చూడడాన్ని రాడార్ ఇంటర్‌ఫెరోమెట్రీ అంటారు, వాడుకలో ఇన్‌సార్. 1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని లాండర్స్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఫ్రెంచి పరిశోధకులు ఐరోపా ఈఆర్ఎస్-1 ఉపగ్రహ చిత్రాలతో నేల ఎలా కదిలిందో పటం గీశారు. 1993లో అది అచ్చయ్యాక అగ్నిపర్వతాలు, గనులు, నగరాలు, ఆనకట్టలు ఒక్కొక్కటిగా దీని కిందికి వచ్చాయి. రైలు మార్గాలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. సన్నగా, పొడవుగా, పచ్చదనం మధ్య నుంచి వెళ్లే వస్తువును ఇలా కొలవడం తేలిక కాదు మరి.

ఆకు కదిలితే లెక్క చెదురుతుంది

ఆ 5 మీటర్ల గడిలో గడ్డి, తుప్పలు ఉంటే 12 రోజుల్లో ఆకులు పెరుగుతాయి, రాలతాయి, గాలికి తిరుగుతాయి. ప్రతి ఆకు నుంచీ వచ్చే ప్రతిధ్వని మారిపోతుంది. మొత్తం కలిసిన దశ గందరగోళమై, అందులోంచి నేల కదలికను విడదీయడం అసాధ్యమవుతుంది. వరిపొలం, అడవి, నీళ్లు ఉన్న చోట 5 సెంటీమీటర్ల తరంగం దాదాపు గుడ్డిదే.

దీనికి దారి చూపింది ఇటలీలో మిలాన్ పాలిటెక్నిక్ పరిశోధకులు ఫెరెట్టి, ప్రాటి, రొక్కా. గడులన్నిటినీ కొలవాలన్న పంతం వదిలేసి, ఏళ్ల తరబడి ఒకేలా ప్రతిధ్వనించే చుక్కలను మాత్రమే ఏరుకోవాలన్నారు. 2001లో అచ్చయిన ఈ పద్ధతికి ఆధారం స్థిరంగా నిలిచే ప్రతిఫలక బిందువులు. భవనం మూల, ఇనుప స్తంభం, కాంక్రీటు గోడ, బండరాయి. ఒకే చోటివి ఇరవై ముప్పై చిత్రాలైనా పోగేసి, ఆ చుక్కలు మాత్రమే ఎలా జరిగాయో లెక్క కడితే ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల వేగం కూడా తేలుతుంది.

రైలు మార్గానికి ఇది వరం లాంటిది. పట్టాల పక్కన కరెంటు స్తంభాలు, సిగ్నల్ పోస్టులు, వంతెనలు, ప్లాట్‌ఫాం రేకులు, కాంక్రీటు కాలువలు వరసగా ఉంటాయి. విచిత్రంగా పట్టా మాత్రం అంతగా పనికిరాదు. నున్నటి ఉక్కు కాబట్టి అద్దంలా తరంగాన్ని అవతలికి విసిరేస్తుంది, ఉపగ్రహం వైపు తిరిగి రానివ్వదు. ఏమీ లేని చోట మూడు లోహపు పలకలను గది మూలలా కలిపి పట్టాల పక్కన పాతుతారు. మూలకు విసిరిన బంతి మన వైపే తిరిగొచ్చినట్టు, రాడార్ తరంగం ఏ దిక్కు నుంచి వచ్చినా అటే వెళ్తుంది. సైకిల్ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ మెరిసేది కూడా ఇలాగే.

రైలు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. రాడార్ చిత్రంలో కదిలే రైలు పట్టాల మీద కనిపించదు. ఉపగ్రహం వైపు వస్తూనో, దూరం పోతూనో ఉంటే దాని వేగం లెక్కను తప్పుదారి పట్టించి, రైలు పట్టాలకు దూరంగా, ఒక్కోసారి కిలోమీటరు అవతల పొలాల్లో నడుస్తున్నట్టు చూపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు పటం తప్పనుకుంటారు. పటం సరైనదే, కదిలే వస్తువును ఈ రాడార్ అలాగే చూస్తుంది.

మబ్బును దాటుకొచ్చినా గాలిలో తేమ దెబ్బతీస్తుంది. తేమ ఎక్కువైతే తరంగం కొంచెం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం నేల కుంగినట్టే కనిపిస్తుంది. తేమలో 20 శాతం తేడా వస్తే ఒక్కోసారి 10 సెంటీమీటర్ల దాకా దొంగ కదలిక రావచ్చు. మన జూలై, ఆగస్టుల్లో ఈ ఇబ్బంది ఎంతగా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే రెండు చిత్రాలు తీసుకుని నేల కుంగిందని చెప్పేవాళ్లను నమ్మకూడదు. తేమ ప్రతిసారీ వేరేలా ఉంటుంది, నేల మాత్రం ఒకే దిక్కుకు పోతూ ఉంటుంది. చిత్రాలు పెరిగే కొద్దీ మొదటిది చెదిరిపోయి, రెండోది మిగులుతుంది.

ఎండకు ఉక్కు సాగడం కూడా మోసం చేస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు, రైలు కలిసిన వంతెనలో ఒక్కో పెద్ద స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య భాగం, సుమారు 90 మీటర్లు. జనవరికీ మే నెలకూ ఉక్కు వేడి 20 డిగ్రీలు పెరిగితే ఆ స్పాన్ 2 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. వంతెనకు ఏమీ కాలేదు, అలా సాగడానికే దాని చివర ఖాళీ వదిలారు. ఆ సంగతి తెలియని లెక్క చూస్తే వంతెన జరుగుతోందని టెన్షన్ పడాల్సిందే. అందుకే ప్రతి చుక్కకూ రుతువుల లెక్కను విడిగా తీసేస్తారు.

మిగిలిన చిక్కుల్లో పెద్దది దిక్కు. ఈ ఉపగ్రహాలు దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతూ ఏటవాలుగా పక్కకు చూస్తాయి. నేల పైకీ కిందికీ, తూర్పు పడమరలకూ జరిగితే బాగా పట్టుకుంటాయి. ఉత్తరానికో దక్షిణానికో జరిగితే దాదాపు పట్టుకోలేవు. ఒక కొండవాలు సరిగ్గా దక్షిణానికి జారుతుంటే అక్కడంతా ప్రశాంతంగా ఉందనే రాడార్ చెబుతుంది. ఆ ప్రశాంతతను భద్రత అనుకుంటే ప్రమాదం. ఇంకొకటి, రెండు రాకల మధ్య పక్కపక్క చుక్కల తేడా 1.4 సెంటీమీటర్లు దాటితే ముల్లు ముందుకు తిరిగిందో వెనక్కు తిరిగిందో తేల్చలేం. అంటే మరీ నెమ్మది కదలిక దీనికి బలం, వేగంగా జారేది దీనికి అందదు.

తైవాన్‌లో 157 కిలోమీటర్ల వంతెన

తైవాన్ హైస్పీడ్ రైలు 2007 జనవరిలో మొదలైంది, వేగం గంటకు 300 కిలోమీటర్లు. దాని దక్షిణ భాగం దాదాపు అంతా స్తంభాల మీదే వెళ్తుంది. చాంగ్‌హువా నుంచి కావొష్యుంగ్ దాకా 157 కిలోమీటర్లు ఒకటే వంతెన. మధ్యలో యున్‌లిన్ అనే జిల్లా ఉంది. ఝువోష్వీ నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఇసుక, బంకమట్టి పొరల నేల. వరి, కూరగాయలు బాగా పండుతాయి. మన డెల్టాలు చూసినవాళ్లకు ఆ ఊళ్లు కొత్తగా అనిపించవు.

సాగుకు అక్కడ లోతు బోర్లు వేశారు. నీళ్లు తోడినకొద్దీ బంకమట్టి పొరల్లో ఒత్తిడి తగ్గి, స్పాంజి పిండినట్టు పొర పలచబడి, పై నేల దిగింది. ఎక్కువగా కుంగిన చోట్ల ఏడాదికి 6, 7 సెంటీమీటర్ల దాకా. వంతెన స్తంభాల పునాదులు పదుల మీటర్ల లోతుకు వేశారు కదా, వాటికేమవుతుందని అనిపిస్తుంది. నీళ్లు తోడుతున్నది అంతకంటే చాలా లోతు నుంచి. పునాది అడుగున ఉన్న పొరలే పలచబడుతుంటే పునాది కూడా నేలతోపాటే దిగుతుంది.

ఇక్కడే రాడార్ అసలు విలువ తెలిసింది. వంతెన మొత్తం ఒకేలా దిగితే రైలుకు పెద్దగా నష్టం లేదు. నష్టం ఎప్పుడంటే, పక్కపక్క స్తంభాల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ దిగినప్పుడు. పట్టాలో సన్నటి వంపు వస్తుంది, 300 కిలోమీటర్ల వేగంలో ఆ వంపు చిన్నది కాదు. లెవెలింగ్ పరికరంతో నేల మీద కొలిచేవాళ్లు అక్కడక్కడ పాతిన బెంచిమార్కుల దగ్గరే, అంటే ఎత్తు కొలిచే గుర్తుల దగ్గరే కొలవగలరు. రాడార్ చుట్టుపక్కల ఊళ్లతో సహా లక్షల చుక్కలు ఇస్తుంది. కుంగుదల గిన్నెలా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో, వంతెన ఆ గిన్నె అంచును ఎక్కడ దాటుతోందో పటం మీద కనిపిస్తుంది. అంచు దగ్గరే తేడా ఎక్కువ, కాబట్టి కాపలా కూడా అక్కడే ఎక్కువ కావాలి. తైవాన్ ప్రభుత్వం లైన్ చుట్టుపక్కల లోతు బోర్లను దశలవారీగా మూయించే పని పెట్టుకుంది. యున్‌లిన్‌లో రైలు కింద నుంచి వెళ్లే ఒక రహదారి కట్ట బరువు కూడా నేలను తొక్కుతోందని తేలి, ఆ మట్టి తీసి తేలికైన సరుకు నింపారు. ఒక రైలు కంపెనీ సమస్య అనుకున్నది చివరికి రైతు బోరు దాకా వెళ్లింది. పట్టా మాత్రమే కొలుస్తూ కూర్చుంటే ఆ సంబంధం ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

బీజింగ్–తియాన్‌జిన్ హైస్పీడ్ లైనుదీ ఇదే కథ. బీజింగ్ తూర్పు వైపు నీళ్లు తోడిన చోట నేల ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా దిగుతున్నట్టు రాడార్ లెక్కల్లో తేలింది. టిబెట్ లైనులో చిక్కు వేరే. గడ్డకట్టిన నేల మీద వందల కిలోమీటర్లు వేసిన మార్గం అది. పై పొర వేసవిలో కరిగి కూర్చుంటుంది, చలికాలంలో గడ్డకట్టి లేస్తుంది.

మన దగ్గర బోర్లు వెయ్యి అడుగులకు పోయినా తెలంగాణ, రాయలసీమల్లో చాలా చోట్ల నేల ఇలా కుంగదు. కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు పగుళ్లలో ఉంటాయి, రాయి పిండినట్టు నొక్కుకోదు. కృష్ణా, గోదావరి డెల్టాల నేల వేరు. బంకమట్టి పొరలు అక్కడ మందంగా ఉన్నాయి. విజయవాడ నుంచి సముద్రం వైపు పోయే లైన్లన్నీ ఆ మట్టి మీదే ఉన్నాయి. రాడార్‌తో మొదట ఎక్కడ చూడాలో చెప్పమంటే నేను వాటి పేరే చెబుతాను.

మనిషి తవ్విన గనుల మీదుగా వెళ్లే లైన్లు ఇంకో రకం. జార్ఖండ్‌లో ఝరియా బొగ్గు గనుల్లో దశాబ్దాలుగా మండుతున్న మంటల వల్ల ధన్‌బాద్–చంద్రపురా మార్గాన్ని 2017 జూన్ 15న ఆపేశారు. 2019లో మళ్లీ రైళ్లు నడిచాయి. ఝరియా కుంగుదల మీద రాడార్ అధ్యయనాలు చాలా వచ్చాయి. అయితే గని పైకప్పు ఒక్కసారిగా కూలితే అది ఇంటికన్నె వరదలాంటిదే, చిత్రానికీ చిత్రానికీ మధ్య జరిగిపోతుంది.

అరకు దారి, 24 సెంటీమీటర్ల తరంగం

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే కేకే లైన్ మనకు తెలిసిందే. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఒక్కో స్టేషనూ ఒక మెట్టు. సొరంగం దాటగానే లోయ, లోయ దాటగానే సొరంగం. వానాకాలంలో ఈ దారిలో బండరాళ్లు పడడం, కొండచరియ జారడం, అరకు ప్యాసింజర్ ఆపేయడం దాదాపు ఏటా వినే వార్తే. బైలదిల్లా నుంచి విశాఖకు ఇనుప ఖనిజం కూడా ఇదే దారిలో దిగుతుంది. కొంకణ్ రైల్వే ఇలాంటి కొండల్లో 2003లో వైభవ్‌వాడి దగ్గర, 2004లో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుంది. రెండుసార్లూ కారణం పట్టాల మీద పడ్డ రాళ్లే.

ఇక్కడ సెంటినెల్ తరంగానికి అడవి అడ్డం. ఆకుల దగ్గరే ఆగిపోతుంది. 2025 జూలై 30 సాయంత్రం 5.40కి శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద వెళ్లిన నైసార్ ఈ చోటుకు కావలసిన ఉపగ్రహం. నాసా, ఇస్రో కలిసి తయారుచేశాయి. ఇది 12 మీటర్ల జల్లెడ యాంటెనా విప్పుకుని 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. రెండు తరంగాలతో చూస్తుంది. నాసా ఇచ్చిన ఎల్-బ్యాండ్ పొడవు 24 సెంటీమీటర్లు, ఇస్రో ఎస్-బ్యాండ్‌ది దాదాపు 9 సెంటీమీటర్లు. పొడవైన తరంగానికి ఆకులు, రెమ్మలు పెద్దగా లెక్కలోకి రావు, వాటి మధ్య నుంచి నేల దాకా వెళ్లి తిరిగొస్తుంది. బదులుగా కొంత సూక్ష్మత వదులుకోవాలి. ముల్లు ఒక చుట్టు తిరగడానికి నేల 12 సెంటీమీటర్లు జరగాలి. కొండవాలుకు అది చాలు, పైగా వేగంగా జారే నేల విషయంలో లెక్క తప్పే ప్రమాదం తగ్గుతుంది. ఇది కూడా 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది, డేటా అందరికీ ఉచితం.

అయినా విడిగా ఊడి దొర్లే బండను నైసార్ కూడా చెప్పలేదు. ముందు నెలల తరబడి మొత్తం వాలు పాకుతూ వస్తే చెబుతుంది. చైనాలో 2017 జూన్ 24న షిన్మో అనే ఊరి మీద కొండ విరిగిపడ్డాక పాత సెంటినెల్ చిత్రాలు తీసి చూస్తే, ఆ వాలు ముందు నుంచే జారుతూ, చివరి వారాల్లో వేగం పెంచుకున్నట్టు కనిపించింది. జరిగిపోయాక ఒక కొండను వెతకడం తేలిక. వేల కొండల్లో ఏది రేపు విరుగుతుందో ముందే చెప్పడం ఎంతో కష్టం, చాలా వాలులు ఏళ్ల తరబడి పాకుతూ ఏమీ కాకుండా ఉండిపోతాయి. వాటన్నిటికీ కాషన్ ఆర్డర్, అంటే వేగం తగ్గించాలన్న ఆదేశం పెట్టి రైళ్లను నడకలా నడిపించలేం.

చేతిలో పటం, ఎదురుగా కట్ట

స్కాట్లండ్‌లో కార్మాంట్ దగ్గర 2020 ఆగస్టు 12న రైలు పట్టాలు తప్పి ముగ్గురు చనిపోయారు. దాదాపు నెల రోజుల వాన కొద్ది గంటల్లో కురిసింది. పట్టాల మీదికి కొట్టుకొచ్చినవి వాన నీళ్లు పోవడానికి కట్టిన ఒక కాలువలోని రాళ్లు. డిజైన్‌లో ఉన్నట్టు ఆ కాలువను కట్టలేదని విచారణలో తేలింది. బ్రిటన్ రైల్వే దగ్గర లక్షా తొంభై వేల దాకా కట్టలు, కటింగ్‌లు (నేల తవ్వి పట్టాలు వేసిన చోట్లు) ఉన్నాయి, వాటన్నిటినీ మనుషులు తిరిగి చూసుకోవాలి. ఏ రాడార్ పటమూ ఆ కాలువ తప్పు కట్టారని చెప్పేది కాదు. కాలువ చూడాల్సిన మనిషి కాలువ చూడాలి.

మరి పటం దేనికి? నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దేశంలో ఉన్న రైలు మార్గాలన్నిటికీ రాడార్ చుక్కలు లెక్కగట్టి చూపించారు. ఆ దేశం సగం మెత్తటి నేలే. నార్వే 2018 నుంచి దేశం మొత్తానికీ ఇలాంటి పటం అందరికీ తెరిచి పెట్టింది. 2022 నుంచి ఐరోపాకంతటికీ ఒక సేవ ఉంది. ఎవరైనా తమ ఊరి మీద నొక్కి, గత కొన్నేళ్లలో ఆ చుక్క ఎలా కదిలిందో గ్రాఫ్ చూడవచ్చు. వాడుకునే పద్ధతి మాత్రం అన్ని చోట్లా ఒకటే. వందల కిలోమీటర్లలో కదులుతున్న పది చోట్లను పటం చూపుతుంది. మనుషులు ఆ పదింటి దగ్గరికి వెళ్తారు. బోరు వేసి మట్టి చూస్తారు, వంపు కొలిచే పరికరం దింపుతారు, నీటి ఒత్తిడి చూస్తారు, కాలువ మూసుకుపోయిందేమో చూస్తారు. నిమిష నిమిషానికీ హెచ్చరిక కావాల్సిన చోట నేల మీదే సెన్సార్ పెడతారు. కొంకణ్ రైల్వే రాళ్ల కోసం పెట్టింది అలాంటివే.

ఆ చుక్కల గ్రాఫ్‌ను ఎలా చదవాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక కట్ట మీది చుక్క రెండేళ్లపాటు నెమ్మదిగా కిందికి వెళ్తుంది, ఏడాదికి 8 మిల్లీమీటర్లు. ఒక రోజున ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, లేదా చుక్క పూర్తిగా మాయమవుతుంది. కొత్త గీత మళ్లీ అదే వాలులో కిందికి మొదలవుతుంది. ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకు ఆ ఎగురుడు తేమ వల్లో, లెక్క తప్పడం వల్లో వచ్చిందనిపిస్తుంది, తుడిచేస్తారు. ఆ లైన్ మీద పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరును, పీడబ్ల్యూఐని అడిగితే ఒక్క మాటలో తేలుతుంది. ఆ రోజు అక్కడ ట్యాంపింగ్ మెషిన్ నడిచింది, కంకర కదిలింది, పట్టా లేచింది. ఆ తేదీ సెక్షన్ రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ట్యాంపింగ్ తర్వాత కూడా గీత అదే వాలులో దిగిందన్న సంగతి బయటపడుతుంది. కంకర ఎన్నిసార్లు దట్టించినా అక్కడ కుంగుతున్నది కింది నేలేనని అప్పుడు తేలుతుంది.